పాట చాటున ఒక పేరు

మా ఆయన బళ్లో ఎన్.సి.సి. చూసే మాస్టారి దగ్గర ఒక ఖాకీ సంచీ ఉండేది. రెండు పట్టీలతో వీపుకి తగిలించుకునేది. ఒకరోజు దాన్ని అడిగి తెచ్చి, దులిపి, ఎండలో ఆరేసి, "హైదరాబాద్ వెళ్లొద్దామా?" అన్నారు. నన్నడిగారో సంచీనడిగారో వెంటనే అర్థం కాలేదు. అప్పటికి కొన్ని నెలలుగా ఆయన నాతో అన్నం పెట్టమని, తలుపేసుకోమని తప్ప మరో మాట అన్నది లేదు.

ఎనభైలు చివరికొస్తున్న రోజులు. మాది బాపట్ల దగ్గర చిన్న ఊరు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ ఏడు శ్రావణంలో మాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లకముందే పోయింది. బారసాల కాకుండా బిడ్డకి పేరు అనుకోకూడదని మా వైపు పెద్ద పట్టింపు. కడుపుతో ఉన్నప్పుడు పొరపాటున ఏదో పేరు అనబోతే మా అత్తగారు నా నోరు మూసినంత పని చేసేవారు. అందుకని దానికి పేరు లేదు. పొత్తిళ్లలో ఉన్నంతసేపూ "పాప" అన్నాం. పోయాక అందరూ "అది" అన్నారు. పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడ్చేవాళ్లను అంతకు ముందు చూశాను. ఏడవడానికైనా ఒక పేరు కావాలని నాకప్పుడు తెలిసింది.

ఆయన ఏడవలేదు. తోట చివర పాపను పెట్టి వచ్చి, నూతి దగ్గర స్నానం చేసి, మర్నాడు బడికి వెళ్లిపోయారు. తర్వాత ఒక్కసారి కూడా దాని ఊసెత్తలేదు. నేను తట్టుకోలేనని ఎత్తడం లేదేమో అని మొదట్లో సర్దిచెప్పుకున్నాను. పోను పోను ఇంకో అనుమానం పట్టుకుంది. ఈ మనిషికి అసలు బాధే లేదేమో! లేకపోతే నేనేం చెయ్యను? బాధ లేని మనిషి పక్కన ఒక జీవితకాలం ఎలా పడుకోవడం, ఎలా లేవడం? ఈ ప్రశ్నని బట్టల మడతల్లో పెట్టుకుని నేను రైలెక్కాను.

జనరల్ పెట్టెలో రాత్రంతా కూర్చునే వచ్చాం. నాంపల్లిలో దిగేసరికి ఊరంతా పొగమంచు. వెయిటింగు హాల్లో స్నానాలు చేసి, సంచీ క్లోక్‌రూములో పెడదామని వెళ్తే, తాళం లేని సామాను తీసుకోవడం కుదరదన్నాడు అక్కడి ఆయన. ఖాకీ సంచీకి రెండు బకిల్సు తప్ప తాళం వేసే చోటే లేదు. దాంతో మా ఆయన దాన్ని వీపుకి తగిలించుకున్నారు. పంచె కట్టు, కళ్లజోడు, వీపున మిలిటరీ సంచీ. చూస్తే నవ్వొచ్చే వేషమే. నాకు మాత్రం రాలేదు.

ఇరానీ హోటల్లో టీ తాగుతూ ఆయనే మొదలుపెట్టారు. "చార్మినార్ చూద్దామా? మ్యూజియం కూడా బాగుంటుందిట. లేకపోతే జూ..."

జూ అన్న మాటని సగంలోనే టీతో మింగేశారు. డిసెంబరు సెలవులు. జూ నిండా పిల్లలు, మ్యూజియం గడియారం ముందు పిల్లలు, చార్మినార్ మెట్ల మీద పిల్లలు. పిల్లలుండే చోటికి నాకు వెళ్లాలని లేదు. నోటికొచ్చింది అనేశాను.

"సినిమావాళ్ల ఇళ్లు చూద్దాం."

"సరే" అన్నారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు ఒళ్లు మండింది. కనీసం పోట్లాడినా బాగుండేది.

సిటీ బస్సు మమ్మల్ని యూసుఫ్‌గూడలో దింపింది. "సినిమావాళ్ల ఇండ్లు గాడ గుట్ట మీదుంటయ్. నడుసుకుంట పోండ్రి" అని కండక్టరు చెయ్యి ఊపాడు. రహమత్ నగర్ సందుల్లోంచి నడిచాం. ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు, తల మీద తగిలేట్టు ఆరేసిన బట్టలు, పంపు దగ్గర బిందెల వరస. నీళ్లడిగితే ఒకావిడ చెంబుతో పోసి, మా సంచీని ఎగాదిగా చూసింది.

"ఏడికి పోతున్నరక్కా?"

"జూబ్లీహిల్స్‌కి. చూద్దామని."

"ఏం జూస్తరు గాడ? గోడలుంటయ్, కుక్కలుంటయ్. మనుషులు కనబడరు" అంది.

ఆవిడ చెప్పింది నిజమే. గుట్ట ఎక్కగానే ఊరు ఎవరో రేడియో కట్టేసినట్టు ఆగిపోయింది. ఆ రోజుల్లో అక్కడ ఇళ్లకన్నా రాళ్లే ఎక్కువ. ఎవరో తీరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చి వెళ్లిపోయినట్టు పెద్ద పెద్ద బండలు. వాటి మధ్య వంపులు తిరిగే రోడ్డు, పొడుగాటి గోడలు, గోడల మీంచి కిందికి జారిన కాగితం పూలు. మంచు ఇంకా విడలేదు. ఎండ వస్తోంది, కానీ అది మా దాకా రావడానికి మొహమాటపడుతోంది.

రాత్రంతా నిద్ర లేదు కదా, నాకు అంతా కలలో నడుస్తున్నట్టే ఉంది. పైగా ఆ ఇళ్లు నాకు తెలుసు. ఏ గేటు సందులోంచి తొంగి చూసినా ఎప్పుడో వచ్చి వెళ్లిన చోటులాగే ఉంది. ఆ గుండ్రటి మెట్లు దిగుతూనే ఒక తండ్రి కూతుర్ని గెంటేశాడు. ఆ పచ్చగడ్డి మీదే ఒక తల్లి కొడుకుని గుర్తుపట్టింది. మా ఊరి హాల్లో బెంచీ మీద కూర్చుని ఈ ఇళ్లల్లో నేను ఎన్నిసార్లు ఏడ్చానో! అప్పట్లో ఏడవడం ఎంత సులువు. పక్కన మా ఆయన గోడల పొడుగు కొలుస్తున్నట్టు చూసుకుంటూ నడుస్తున్నారు.

ఒక గేటు దగ్గర కాపలా అతను మా ఆయన సంచీ చూసి, లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఈయన కంగారుపడి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. ఆ తర్వాత చాలా దూరం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూస్తే నవ్వేస్తామని ఇద్దరికీ తెలుసు. నవ్వడం తప్పేమోనన్న భయం ఇద్దరికీ ఉంది.

ఫిల్మ్ నగర్ వైపు తిరిగాక ఒక బండ నీడలో కూర్చున్నాం. ఆయన తువ్వాలు పరిచారు. పరిచే ముందు కింద ఉన్న గులకరాళ్లన్నీ ఏరి పక్కన పడేశారు. నేను తెచ్చిన పులిహోర ఇద్దరం తిన్నాం. కింద ఎక్కడో షేక్‌పేట ఇళ్లు మంచులో తేలుతున్నాయి. స్టూడియో వ్యాన్లు రెండు కీచుమంటూ మలుపు తిరిగి పైకి పోయాయి. ఇంత శ్రద్ధగా నాకోసం గులకరాళ్లు ఏరే మనిషి ఆ ఒక్క విషయంలో ఎందుకిలా ఉన్నాడు? అడుగుదామని నోరు తెరిచి, "ఆవకాయ బద్ద కావాలా?" అన్నాను.

చెయ్యి కడుక్కుని లేస్తుంటే కనబడింది గోపురం. రెండు బండల మధ్యనుంచి, కొత్తగా రంగులేసినట్టు మెరుస్తోంది. ఇంత దూరం వచ్చి గుడి కనబడితే దణ్ణం పెట్టుకోకుండా ఎలా పోతాం? కాలిబాట పట్టుకుని వెళ్లాం. గుడి ముందు జనం అటూ ఇటూ తిరుగుతున్నారు. పండగేమో అనుకున్నాను. చెప్పులు విప్పి ఒక రాయి పక్కన పెట్టి, లోపలికి తొంగిచూస్తే అమ్మవారు. పెద్ద కళ్లు, ఎర్రటి చీర. మనసు ఊరుకోలేదు. చేతులు జోడించి నేరుగా అడిగేశాను. 'తల్లీ, ఈయనకి బాధ ఉందా లేదా, ఒక్కటి తెలిస్తే చాలు' అన్నాను.

తర్వాత ప్రదక్షిణ మొదలుపెట్టాను. నా వెనకాలే సంచీతో సహా మా ఆయన. పక్కగోడ దాటి మూల తిరిగామో లేదో, గుడి అయిపోయింది. అవతల ఏమీ లేదు. సర్వీ కర్రలు, గోనెపట్టాలు, వేలాడుతున్న తాళ్లు. ఒక కర్రకి ఆనుకుని సున్నం మరకల చొక్కా మేస్త్రి ఒకాయన బీడీ కాలుస్తున్నాడు. కళ్లు మూసుకుని శ్లోకం చదువుకుంటూ వచ్చిన నన్ను చూసి తడబడి బీడీ వెనక్కి దాచాడు.

"అమ్మా, ఈ గుడికి ముందుందిగానీ వెనక లేదమ్మా. సెట్టింగు" అన్నాడు.

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన ఇంకా చేతులు జోడించుకునే ఉన్నారు. ఇంక నావల్ల కాలేదు. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఆయన కూడా నవ్వారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు. పాప పోయిన తర్వాత మేమిద్దరం నవ్వడం అదే మొదలు. ఒక గోనెపట్టా గుడి వెనకాల, బీడీ వాసనలో.

అప్పుడే ఒక సన్నపాటి కుర్రాయన అట్ట పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. డైరెక్టరు దగ్గర పనిచేసేవాళ్లలో ఒకడట. "మాస్టారూ, మాస్టారూ! మీరిద్దరూ అచ్చం గుడికొచ్చినట్టే ఉన్నారండీ" అన్నాడు. గుడికే వచ్చాం నాయనా అని నేను అనబోయి ఊరుకున్నాను. వ్యానులో రావలసిన మనుషులు సగం మందే వచ్చారట, అమ్మవారి ముందు అర్చన చేయించుకుంటున్న దంపతుల్లా కాసేపు నిలబడాలట.

మా ఆయన ఫోటో తీయించుకోమంటే గోడ వైపు తిరిగే రకం. పెళ్లి ఫోటోల్లో కూడా సగం చెవే కనిపిస్తుంది. అలాంటిది "దానికేముంది, నిలబడతాం" అన్నారు. నవ్విన నవ్వు ఇంకా ఒంట్లో ఉన్నట్టుంది. సంచీ విప్పి మేస్త్రికి అప్పగించారు.

అమ్మవారి ముందు పూజారి మాత్రం వేషం కాదు, నిజమైన పూజారే. షేక్‌పేట పాత ఊళ్లో ఏదో చిన్న గుడిలో అర్చకత్వమట. వేషగాడికి మంత్రాలు నేర్పేకన్నా ఈయన్ని తెచ్చుకోవడమే నయమని పిలిపించారు. మేం నిలబడగానే అలవాటుగా కుంకుమ అందించారు.

కుర్రాయన చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది పాట మీద తీసే షాటండీ. హీరోయిన్ గారు పాడుకుంటూ మీ ముందునుంచి వెళ్తారు. పూజారి గారు గోత్రం, పేర్లూ అడుగుతారు, మీరు చెప్తారు. మీ గొంతు ఎక్కడా పడదు, పాటే వినిపిస్తుంది. ఏం చెప్పినా ఫర్వాలేదు, పెదాలు కదిలితే చాలు. కెమెరా వైపు మాత్రం చూడకండి."

"ఎవరికీ వినపడదా?" అని మా ఆయన అడిగారు.

"ఎవరికీ వినపడదండీ."

వెండిరేకులు అంటించిన అట్టలు పట్టుకుని ఇద్దరు మనుషులు ఎండని మా మొహాల మీదికి తిప్పారు. పొద్దున్నుంచీ మొహమాటపడుతున్న ఎండ ఒక్కసారి వచ్చి మీద పడింది. స్పీకరు పెట్టెలోంచి పాట పెద్దగా మొదలైంది. హీరోయిన్ పళ్లెం పట్టుకుని, సెంటు వాసనతో మా ముందునుంచి సాగింది. నేను చేతులు జోడించి, ఓరకంట మా ఆయన్ని చూస్తున్నాను. పూజారి ఏదో అడిగారు. ఆయన పెదాలు కదిలాయి. గోత్రం చెప్పారు. తన పేరు చెప్పారు. నా పేరు చెప్పారు. చెవికి అందకపోయినా నాకు ఆ మాత్రం తెలుస్తుంది కదా.

తర్వాత ఆయన పెదాలు ఇంకోసారి కదిలాయి.

"కట్! వన్ మోర్!" అన్నారెవరో. హీరోయిన్ పైట దీపానికి దగ్గరగా వెళ్లిందట. అందరూ మళ్లీ మొదటి చోట్లకి వెళ్లారు. ఆ చివర చెప్పింది ఎవరి పేరు? వాళ్లమ్మగారి పేరు పొడుగు, అంత చిన్నది కాదు. రెండోసారి పాట మొదలవగానే నేను ఆయన భుజానికి బాగా దగ్గరగా జరిగాను. పూజారి అడిగారు. గోత్రం, ఆయన పేరు, నా పేరు. తర్వాత, పాట హోరులో నాకు మాత్రం అందేంత గొంతుతో అన్నారు.

"మా పాప." ఆ తర్వాత ఒక పేరు.

ఆ పేరు ఇక్కడ రాయను. చిన్న పేరు. మా రెండు వైపులా ఎవరికీ లేని పేరు. పూజారి దాన్ని అందుకుని, మంత్రంలో మా ఇద్దరి పేర్ల పక్కన కూర్చోబెట్టి, క్షేమం, ఆయుష్షు, ఆరోగ్యం అంటూ చదువుకుపోయారు. అమ్మవారి పాదాల మీద కుంకుమ పడింది. ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. ఎన్ని నెలలు లోపల దాచుకున్నానో అంతా వచ్చింది.

"ఆవిడెవరో బాగా చేస్తున్నారే!" అని కెమెరా వెనకనుంచి ఎవరో మెచ్చుకున్నారు. "భక్తి బాగా పలికింది. ఇంకోటి చేద్దాం."

మూడోసారి పూజారి అడిగినప్పుడు ఆ పేరు మేమిద్దరం కలిసి చెప్పాం.

షాట్ అయిపోయింది. అట్టలు దించేశారు, ఎండ తన దారిన తాను వెళ్లిపోయింది. పూజారి కుంకుమ పొట్లం కట్టి నా చేతిలో పెడుతూ అడిగారు. "పాపను తోల్కరాలేదా అమ్మా? ఊర్లనే ఇడిసి వచ్చిండ్రా?"

మా ఆయనే చెప్పారు.

"అవునండీ. ఊళ్లోనే ఉంది."

"మంచిగ చేసిండ్రు. చిన్నపిల్ల ఈ చలిల తిరగలేదు" అన్నారు పూజారి.

ఊళ్లోనే ఉందని చెప్పేటప్పుడు మా ఆయన గొంతులో వచ్చిన వణుకు నేను విన్నాను. ఇక నాకు అడగవలసిందేమీ లేదనిపించింది. అయినా ఆడదాన్ని, అడగకుండా ఎలా ఉంటాను? షేక్‌పేట వైపు దిగే బాటలో, సంచీ మళ్లీ వీపు మీదికి వచ్చాక అడిగాను.

"ఎప్పుడు పెట్టారు ఆ పేరు?"

ఒక బండ చుట్టూ తిరిగి, ఇంకో బండ చుట్టూ తిరిగాక చెప్పారు.

"అది పుట్టిన రోజే. నువ్వు నిద్రపోతున్నావు. అమ్మ వాకిట్లో ఉంది. ఎవరూ లేరు కదా అని ఎత్తుకుని చెవిలో చెప్పాను. ఊరుకోలేకపోయాను." వీపు మీద సంచీ పట్టీ సర్దుకున్నారు. "బారసాల కాకముందే అన్నాను. అందుకే పోయిందేమో."

నేను నిలబడిపోయాను. ఊళ్లో ఎవరైనా పిల్లి ఎదురొచ్చిందని ఆగితే వాళ్లకి గంటసేపు పాఠం చెప్పే మనిషి! జాతకాల పుస్తకం ఇంట్లోకి రానివ్వని మనిషి!

"లెక్కల మాస్టారు మీరు" అన్నాను.

"లెక్క తెలుసు" అన్నారు. "తెలిసినా రాత్రిపూట అది పనిచెయ్యదు. ఆ పేరు మళ్లీ అంటే నీకేమవుతుందో అని భయం. ఇవాళ ఎవరికీ వినపడదన్నాడు కదా. అందుకని ధైర్యం చేశాను."

అప్పుడు ఏడ్చారు. దారిలో, వీపున మిలిటరీ సంచీతో, పంచె అంచుతో ముక్కు తుడుచుకుంటూ, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలాగా ఏడ్చారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా ఊళ్లో అయితే పట్టపగలు రోడ్డు మీద అలా పట్టుకునేదాన్ని కాదు. అక్కడ రాళ్లు తప్ప ఎవరున్నారు? ఆ రాళ్లకి వినపడేట్టు దాని పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఏమీ కాలేదు. ఇద్దరం అలాగే నిలబడి ఉన్నాం. కింద షేక్‌పేటలో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. మంచు పూర్తిగా విడిపోయింది.

ఆ సాయంత్రం రైలెక్కి వచ్చేశాం. చార్మినార్ చూడలేదు. హైదరాబాద్ వెళ్లి చార్మినార్ చూడకుండా వచ్చిన మొద్దులని మా అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు.

మరుసటి వేసవిలో ఆ సినిమా మా ఊరికి వచ్చింది. మధ్యాహ్నం ఆటకి వెళ్లాం. పాట వచ్చేదాకా నాకు కథ ఒక్క ముక్క ఎక్కలేదు. గోపురం కనిపించింది, దానికి వెనకాల గోనెపట్టాలున్నాయని హాల్లో ఎవరికీ తెలియదు. హీరోయిన్ పళ్లెం పట్టుకుని వచ్చింది. ఈలలు. నేను ఏడ్చిన ఏడుపంతా ఆవిడ పైట వెనక్కి పోయింది, నా చెయ్యి మాత్రం కనిపించింది. పైట పక్కకి తప్పుకున్న ఆ క్షణంలో మా ఆయన మొహం. పెదాలు ఒక్కసారి కదిలాయి. గోత్రం కాదు, ఆయన పేరు కాదు, నా పేరూ కాదు. పాట దాని మీదినుంచి సాగిపోయింది.

పక్క సీట్లోంచి, తెర మీద పెదాలు కదిలిన లెక్కకి సరిగ్గా సరిపోయేట్టు, మా ఆయన ఆ పేరు మెల్లగా అన్నారు.

బయటికొచ్చాక ఎండకి కళ్లు చిట్లించుకుని నిలబడ్డాం. "రేపు మళ్లీ వద్దామా?" అన్నాను. ఆయన తలూపారు.

మర్నాడు వెళ్లాం. ఆ మర్నాడూ వెళ్లాం. గేటు దగ్గర టిక్కెట్లు చింపే అతను మా ఆయన శిష్యుడే. నాలుగోసారికి ఉండబట్టలేక, "ఆ హీరోయిన్ అంటే అంత ఇష్టమా మాస్టారూ?" అని నవ్వాడు.

"అవునయ్యా" అన్నారు మా ఆయన.

సినిమా పెద్దగా ఆడలేదు. ఆడినన్నాళ్లూ మేం వెళ్లాం.